అమెరికాలో చదివే మన విద్యార్థులకు మందు, గంజాయి, మాత్రల నిబంధనలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫాల్‌కి వచ్చేవాళ్లు ఆగస్టులో, స్ప్రింగ్‌కి వచ్చేవాళ్లు జనవరిలో దిగుతారు. నెల తిరక్కుండానే అవే సందేహాలు మళ్లీ మొదలవుతాయి. సగం జవాబులు సీనియర్లు చెప్పినవి, మిగతా సగం వాట్సాప్‌లో తిరిగేవి. వాటిలో తప్పులే ఎక్కువ.

ఆ తప్పులన్నిటికీ మూలం ఒక్కటే. పక్కగదిలో ఉన్న అమెరికన్ కుర్రాడికి ఏమీ కాలేదు కాబట్టి మనకూ ఏమీ కాదనుకోవడం. అతను జవాబు చెప్పుకోవాల్సింది రెండింటికే: రాష్ట్ర చట్టం, యూనివర్సిటీ నియమావళి. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవాళ్ల మీద మూడోది కూడా ఉంటుంది, ఫెడరల్ ఇమ్మిగ్రేషన్ చట్టం. మొదటి రెండూ వదిలేసిన విషయాన్ని కూడా ఈ మూడోది పట్టుకోగలదు.

రాష్ట్రానికో చట్టం ఉన్న దేశం కాబట్టి, ఉదాహరణ కావాల్సిన చోట ఎక్కువగా టెక్సాస్‌నే తీసుకున్నాను. మనవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు.

## బయలుదేరే ముందు

హైదరాబాద్‌లో ఒకసారి డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికాను. కోర్టులో ఫైన్ కట్టేసి వచ్చాను. డీఎస్-160 వీసా ఫారంలో చెప్పాలా?

చెప్పాలి. ఎప్పుడైనా అరెస్టయ్యారా, ఏ నేరంలోనైనా దోషిగా తేలారా అని ఆ ఫారం అడుగుతుంది. కోర్టులో తప్పు ఒప్పుకుని ఫైన్ కట్టడమంటే దోషిగా తేలడమే, అది ట్రాఫిక్ చలానా లాంటిది కాదు. ఈ ఒక్క కేసు వల్ల వీసా రాదని ఏమీ లేదు. గత ఐదేళ్లలో తాగి నడిపిన కేసు ఒకటి ఉన్నా, పదేళ్లలో రెండో అంతకన్నా ఎక్కువో ఉన్నా కాన్సులేట్ వైద్య పరీక్షకు పంపుతుంది. కొంచెం ఆలస్యమవుతుంది, అంతే. దాచిపెట్టి దొరికితే మాత్రం అది అబద్ధం చెప్పి వీసా కోరిన కేసవుతుంది, ఆ మచ్చ జీవితాంతం వెంటాడుతుంది. "రాయకండి, ఎవరు చూస్తారు" అని చెప్పే కన్సల్టెన్సీ మాట వినకండి. ఫారం కింద పడేది మీ సంతకం.

ఇంజినీరింగ్‌లో ఉండగా గంజాయి కేసులో నా పేరు పెట్టారు. ఇక ఎంఎస్ ఆశ వదులుకోవాల్సిందేనా?

కేసు ఏ దశలో ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. మన 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుపదార్థాల) చట్టం కింద శిక్ష పడితే అమెరికా దాన్ని సొంత దేశపు శిక్షలాగే లెక్కేస్తుంది. అప్పుడు వీసా చాలా కష్టం. కేసు ఇంకా నడుస్తుంటే ముందు పాస్‌పోర్టు దగ్గరే ఆగిపోతారు, కోర్టు అనుమతి కావాలి. కొట్టేసి ఉంటే తీర్పు కాపీ ధ్రువీకరించి తెచ్చుకోండి, ఫారంలో నిజం రాయండి, ఇంటర్వ్యూకి ముందు అమెరికా ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఒక గంట మాట్లాడండి. ఆ గంటకయ్యే ఖర్చు అప్లికేషన్ ఫీజుల ముందు పెద్దది కాదు.

ఇంటి నుంచి ఆరు నెలలకు సరిపడా మాత్రలు తెచ్చుకుంటున్నా. ఇబ్బందా?

మామూలు బీపీ, థైరాయిడ్ మాత్రలకైనా 90 రోజులకు మించి తేవద్దు. డాక్టర్ చీటీ ఇంగ్లిష్‌లో, మందు అసలు పేరుతో ఉండాలి. మాత్రలు షీట్లలోనే ఉండాలి, విప్పి డబ్బాలో పోసుకోకూడదు. నొప్పికి వాడే ట్రమడాల్, నిద్రకి వాడే ఆల్ప్రజోలం, కోడీన్ ఉన్న దగ్గు సిరప్ విషయంలో ఎక్కువ జాగ్రత్త పడండి. ఇవి అమెరికాలో నియంత్రిత పదార్థాలు. మన వీధి చివర మెడికల్ షాపులో అడిగిన వెంటనే ఇచ్చారని ఊరికే సంచిలో వేసుకుంటే, కస్టమ్స్ దగ్గర చూపించడానికి చీటీ ఉండదు.

అమ్మ కోడికూర మసాలా పొడి కట్టింది. అందులో గసగసాలున్నాయి. తీసుకెళ్లొచ్చా?

అమెరికాలో గసగసాలు నిషేధం కాదు, అక్కడి దుకాణాల్లోనే దొరుకుతాయి. ఇబ్బంది దారిలో ఉంది. మనవాళ్లు చాలామంది దుబాయ్, అబుదాబి మీదుగా వెళ్తారు. యూఏఈలో గసగసాలు నిషిద్ధ పదార్థం, అక్కడ వాటిని మత్తుమందుతో సమానంగా చూస్తారు. ఆ దారిలో వెళ్తుంటే గసగసాలు లేకుండా పొడి కొట్టమని అమ్మకు చెప్పండి. ట్రమడాల్, కోడీన్ మీద కూడా అక్కడ కఠినమైన ఆంక్షలున్నాయి.

డ్యూటీ ఫ్రీలో ఒక బాటిల్ కొని పట్టుకెళ్లొచ్చా?

21 నిండితే ఒక లీటరు వరకు సుంకం లేకుండా తేవచ్చు. నిండకపోతే చుక్క కూడా కుదరదు, బంధువులకు బహుమతి అన్నా సరే.

## క్యాంపస్‌లో

నాకు 22. డార్మ్ గదిలో బీరు పెట్టుకోవచ్చా?

చట్టం ఒప్పుకుంటుంది, మీ యూనివర్సిటీ ఒప్పుకోకపోవచ్చు. 1984 నాటి ఫెడరల్ చట్టం పుణ్యమా అని దేశమంతా మద్యానికి వయసు 21 అయింది. ఆంధ్ర, తెలంగాణల్లో రాసి ఉన్నదీ అదే, కాకపోతే అమెరికాలో గుర్తింపు కార్డు నిజంగా అడుగుతారు. ఆ పైన ప్రతి యూనివర్సిటీకీ సొంత నియమం ఉంటుంది. కొన్ని క్యాంపస్‌లలో మద్యం పూర్తిగా నిషేధం. కొన్నిచోట్ల గదిలో ఉండేవాళ్లందరికీ 21 నిండితేనే ఒప్పుకుంటారు. అంటే మీకు 22 అయినా రూమ్మేట్‌కి 20 ఉంటే ఫ్రిజ్‌లో బీరు నియమ ఉల్లంఘనే. మీ హౌసింగ్ ఒప్పందంలో మద్యం గురించిన పేరా వెతికి చదవండి.

మా రాష్ట్రంలో గంజాయి లీగల్ కదా. క్యాంపస్‌లో మాత్రం ఎందుకు వద్దంటారు?

ఇల్లినాయ్‌లో 2020 నుంచి, మిస్సోరిలో 2022 డిసెంబర్ నుంచి 21 దాటినవాళ్లకు రాష్ట్ర చట్టం ఒప్పుకుంటుంది. కానీ 1970 నాటి ఫెడరల్ చట్టంలో గంజాయి ఇప్పటికీ నియంత్రిత పదార్థమే. కేంద్రం నుంచి నిధులు తీసుకునే ప్రతి యూనివర్సిటీ మత్తుపదార్థాల నిషేధ విధానం పెట్టుకోవాలని, ఏటా విద్యార్థులందరికీ దాన్ని అందజేయాలని 1989లో చట్టం తెచ్చారు. సెమిస్టర్‌లో వచ్చే ఆ పొడవాటి ఈమెయిల్ అదే, మీరు చదవకుండా డిలీట్ చేసేది. రాష్ట్రంలో ఓటు ఎటు పడినా, నిధులు పోగొట్టుకోవడానికి ఏ యూనివర్సిటీ సిద్ధపడదు. డాక్టర్ ఇచ్చిన గంజాయి కార్డు కూడా క్యాంపస్‌లో చెల్లదు.

ఇక ఎఫ్-1 వాళ్లకు క్యాంపస్ గేటు బయట కూడా ఇదే వర్తిస్తుంది. ఇమ్మిగ్రేషన్ అధికారులు చూసేది ఫెడరల్ చట్టాన్నే. "దుకాణంలో రసీదు ఇచ్చి మరీ అమ్మారు" అన్న మాట వాళ్ల ముందు నిలవదు.

ఎగ్జామ్స్ ముందు ఫ్రెండ్ ఏకాగ్రత కోసం ఒక అడెరాల్ మాత్ర ఇస్తానంటున్నాడు. అతనికి ప్రిస్క్రిప్షన్ ఉంది. తప్పేంటి?

చీటీ అతని పేరు మీద ఉంది, మీ పేరు మీద లేదు. అడెరాల్ షెడ్యూల్ 2 పదార్థం, కొకైన్ కూడా ఆ జాబితాలోనే ఉంటుంది. తీసుకున్నందుకు మీ మీద, ఇచ్చినందుకు అతని మీద కేసు పెట్టొచ్చు. డబ్బు చేతులు మారకపోయినా ఇవ్వడం సరఫరా కిందికే వస్తుంది. అదీగాక, కొన్ని యూనివర్సిటీలు ఇలా మాత్ర వేసుకుని పరీక్ష రాయడాన్ని కాపీ కొట్టడంతో సమానంగా చూస్తాయి. నిజంగా ఏకాగ్రత కుదరడం లేదనిపిస్తే స్టూడెంట్ హెల్త్ సెంటర్‌లో డాక్టర్‌కి చూపించుకోండి.

దొరికితే యూనివర్సిటీ మా నాన్నకి ఫోన్ చేస్తుందా?

21 లోపు విద్యార్థుల మద్యం, డ్రగ్స్ ఉల్లంఘనలను తల్లిదండ్రులకు చెప్పడానికి 1998లో వచ్చిన సవరణ వీలు కల్పించింది. చెప్పొచ్చు, చెప్పి తీరాలని లేదు. 21 దాటినవాళ్ల విషయంలో మామూలుగా చెప్పరు. అయితే సస్పెండైతే ఇంట్లో ఎలాగూ తెలుస్తుంది. ఆ మాట మీ నోటి నుంచే ముందు వినడం వాళ్లకు కాస్త నయం.

సిగరెట్‌కి, వేప్‌కి కూడా వయసు చూస్తారా?

చూస్తారు. 2019 డిసెంబర్ నుంచి పొగాకుకీ, వేప్‌కీ 21. చాలా క్యాంపస్‌లు పొగాకు రహితం, పార్కింగ్‌లో కూడా కాల్చకూడదు. సెలవులకు ఇంటికొచ్చేటప్పుడు వేప్ సామానులో పెట్టుకోకండి. భారత్‌లో 2019 నుంచి ఈ-సిగరెట్లు నిషేధం.

## అపార్ట్‌మెంట్‌లో, పార్టీల్లో

రూమ్మేట్ గంజాయి తెచ్చి హాల్లో టీపాయ్ మీదే పెడతాడు. నేను ముట్టను. నాకేం భయం?

భయపడాల్సిందే. జేబులో ఉంటేనే దగ్గరున్నట్టు కాదు. అది అక్కడుందని తెలిసి, దాని మీద మీకూ అదుపు ఉందని పోలీసులు చూపగలిగితే కేసు మీ మీదకీ వస్తుంది. హాలు అందరిదీ. టెక్సాస్‌లో రెండు ఔన్సుల్లోపు గంజాయి దగ్గరుంటే 180 రోజుల వరకు జైలు, 2,000 డాలర్ల వరకు జరిమానా. నూనె నింపిన టీహెచ్‌సీ (గంజాయిలో మత్తునిచ్చే పదార్థం) వేప్ పెన్ అయితే గ్రాములోపు ఉన్నా ఫెలనీ, అంటే పెద్ద నేరం. ఎండుటాకు కన్నా ఆ చిన్న పెన్నుకే అక్కడ శిక్ష ఎక్కువన్న సంగతి చాలామందికి తెలియదు.

మొహమాటం వదిలి రూమ్మేట్‌కి రాతపూర్వకంగా చెప్పండి, మెసేజ్ అయినా చాలు. వినకపోతే ఇల్లు మారండి. లీజు మధ్యలో మారితే పోయే డిపాజిట్, లాయర్ ఫీజుతో పోలిస్తే ఎంతో తక్కువ.

మా పిన్ని కొడుక్కి 19, ఇక్కడే బీఎస్ చదువుతున్నాడు. పుట్టినరోజుకి ఒక బీరు ఇస్తే ఏమవుతుంది?

ఇచ్చినవాడే దోషి అవుతాడు. టెక్సాస్‌లో 21 లోపువాళ్లకు మద్యం ఇస్తే ఏడాది వరకు జైలు, 4,000 డాలర్ల వరకు జరిమానా. తాగిన తమ్ముడికి పడేది అంతకన్నా చాలా చిన్నది, 500 డాలర్లలోపు జరిమానా, అవగాహన తరగతి, సమాజ సేవ. ఎంఎస్ చేసే అన్నయ్య ఇంట్లో పార్టీ అంటే ఈ కోణం ఎవరికీ గుర్తుకు రాదు. వాడికి కోక్ ఇవ్వండి, ఏమైనా అనుకుంటే అనుకోనివ్వండి.

పార్టీలో ఒకడు తాగి పడిపోయాడు, లేపితే లేవడం లేదు. 911కి ఫోన్ చేస్తే పోలీసులొచ్చి అందరి వీసాలూ పోతాయేమో?

ముందు ఫోన్ చేయండి. మిగతాదంతా తర్వాత చూసుకోవచ్చు.

పిలిచినా గిల్లినా పలక్కపోవడం, నిమిషానికి ఎనిమిది సార్లకన్నా తక్కువ ఊపిరి, ఊపిరికీ ఊపిరికీ మధ్య పది సెకన్లు దాటడం, పెదవులు నీలంగా మారడం, ఒళ్లు చల్లబడటం, స్పృహ లేకుండానే వాంతి. వీటిలో ఒక్కటి కనిపించినా ప్రాణం మీదకి వచ్చిందని అర్థం. నిద్రపోతే తగ్గుతుందనుకోవద్దు. కడుపులో ఉన్న మద్యం ఇంకా రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి, వెల్లకిలా పడుకోబెడితే వాంతి గొంతుకు అడ్డం పడుతుంది. మజ్జిగ, నిమ్మరసం, కాఫీ పోయకండి. చన్నీళ్ల స్నానం చేయించకండి. అంబులెన్స్ వచ్చేదాకా ఒంటరిగా వదలకండి.

చట్టం మాటకొస్తే, సాయం కోసం ఫోన్ చేసినవాళ్లని మైనర్ మద్యం కేసుల నుంచి కాపాడే చట్టాలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. టెక్సాస్‌లో 2011 నుంచి ఉంది. ఫోన్ చేసి, అక్కడే ఉండి, వచ్చినవాళ్లకు సహకరించాలన్నది షరతు. చాలా యూనివర్సిటీలకు కూడా ఇలాంటి మినహాయింపు విధానమే ఉంటుంది. అన్ని రాష్ట్రాల్లో, అన్ని మత్తుపదార్థాలకూ ఇది ఒకేలా వర్తించదు, నిజమే. అయినా నా సలహా మారదు. వీసా సమస్యకు లాయర్ ఉంటాడు, ప్రాణానికి మరో దారి లేదు. అక్కడ వాడికి మీరే కుటుంబం.

పార్టీలో ఎవరో జానాక్స్ (ఆల్ప్రజోలం) అని ఒక మాత్ర ఇచ్చారు. మందుల షాపు మాత్రలాగే ఉంది. వేసుకోవచ్చా?

వేసుకోవద్దు. అమెరికాలో బయట తిరిగే మాత్రల్లో నకిలీవి విపరీతం, వాటిలో ఫెంటానిల్ అనే అతి తీవ్రమైన మత్తుమందు కలుపుతున్నారు. రెండు మిల్లీగ్రాములు ప్రాణం తీయగలదు, అంటే పెన్సిల్ మొన మీద నిలిచేంత. రంగు, ముద్ర, ఆకారం అసలు మాత్రలాగే ఉంటాయి, కళ్లతో చూసి తేడా పట్టలేరు. దాని ప్రభావాన్ని విరిచే నార్కాన్ అనే ముక్కు స్ప్రే 2023 నుంచి చీటీ లేకుండానే దొరుకుతోంది, చాలా క్యాంపస్‌లలో ఉచితంగా ఇస్తారు. ఒకటి తెచ్చి ఇంట్లో పెట్టుకోండి. అది వాడినా సరే, 911కి ఫోన్ చేయడం మానకూడదు. స్ప్రే ప్రభావం దిగాక మళ్లీ ఊపిరి ఆగొచ్చు.

గ్యాస్ స్టేషన్‌లో గమ్మీలు, డెల్టా-8 (టీహెచ్‌సీలో ఒక రకం) బాహాటంగా అమ్ముతున్నారు. అవి లీగలే కదా?

2018 వ్యవసాయ చట్టం హెంప్ (గంజాయి జాతి) మొక్కలో డెల్టా-9 టీహెచ్‌సీ 0.3 శాతంలోపు ఉంటే ఒప్పుకుంది. ఆ సందులోంచి వచ్చినవే ఇవన్నీ. రాష్ట్రాల నియమాలు తరచూ మారుతున్నాయి. పొట్లం మీద రాసిందీ లోపలున్నదీ ఒకటే అన్న హామీ లేదు, ఉద్యోగానికి చేసే మూత్ర పరీక్షకి ఏది తిన్నారో తేడా తెలియదు. కొనకండి.

గ్యాస్ స్టేషన్‌లో క్యాష్‌కి పనిచేస్తున్నా. బీరు అమ్మేటప్పుడు ఐడీ చూడకపోతే నా మీదకి వస్తుందా?

వస్తుంది. 21 లోపువాళ్లకు అమ్మితే కౌంటర్‌లో ఉన్నవాడి మీదే కేసు. పోలీసులు మైనర్లను పంపి మరీ పరీక్షిస్తుంటారు. మీ విషయంలో ఇంకో చిక్కుంది. ఎఫ్-1 మీద అనుమతి లేకుండా క్యాంపస్ బయట పనిచేయడమే ఉల్లంఘన, పోలీసులు రాసే కేసు టికెట్ మీద తేదీ, చోటు, మీ పేరు ఉంటాయి. అప్పు వాయిదాల ఒత్తిడి ఎంతుంటుందో నాకు తెలుసు. అయినా ఈ పని ఆ అప్పు తీర్చే చదువుకే ఎసరు పెడుతుంది.

## కారులో, ట్రిప్పుల్లో

రెండు పెగ్గులే కదా, నడపొచ్చా?

ముందు పెగ్గు లెక్క సరిచూసుకోండి. అమెరికాలో ఒక డ్రింక్ అంటే 14 గ్రాముల ఆల్కహాల్: 355 మిల్లీలీటర్ల మామూలు బీరు, లేదా 44 మిల్లీలీటర్ల విస్కీ. మన పెద్ద పెగ్గు 60 మిల్లీలీటర్లు, 42.8 శాతం. అందులో 20 గ్రాముల పైనే ఉంటుంది. అంటే మీ రెండు పెద్ద పెగ్గులు అక్కడి లెక్కలో దాదాపు మూడు డ్రింకులు. ఇంట్లో కొలత లేకుండా పోసుకునేది ఇంకా ఎక్కువే ఉంటుంది.

దాదాపు అన్ని రాష్ట్రాల్లో రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.08 శాతం, యూటాలో 0.05. 21 లోపువాళ్లకు దేశమంతా 0.02 లేదా అంతకన్నా తక్కువ. మన దేశంలో 0.03 కదా, ఇక్కడ వెసులుబాటు ఎక్కువ అనుకునేవాళ్లుంటారు. 0.08 లోపున్నా బండి తడబడుతోందని అధికారికి అనిపిస్తే అరెస్టు చేయొచ్చు. టెక్సాస్‌లో మొదటిసారికే కనీసం 72 గంటల జైలు, 2,000 డాలర్ల వరకు జరిమానా చట్టంలో ఉన్నాయి. తాగితే ఊబర్ ఎక్కండి, కారు పార్టీ జరిగిన చోటే వదిలేయండి.

రాత్రి రెండింటికి తాగడం ఆపాను. పొద్దున్న ఏడింటికి ఆన్‌క్యాంపస్ జాబ్‌కి నడుపుకుంటూ వెళ్లొచ్చా?

శరీరం గంటకు సుమారు 0.015 చొప్పునే దించుతుంది. రెండింటికి 0.16 ఉంటే ఏడింటికి ఇంకా 0.085 ఉంటుంది, పరిమితి దాటే. కాఫీ, పెరుగన్నం, స్నానం దాన్ని తొందరపెట్టలేవు. తలనొప్పి లేకపోయినా లోపల మద్యం ఉండొచ్చు.

నడపకుండా కారులోనే పడుకుంటే?

డ్రైవర్ సీట్లో కూర్చుని తాళం దగ్గరుంటే, ఇంజిన్ ఆఫ్‌లో ఉన్నా, కారు మీ అదుపులో ఉన్నట్టేనని చాలా రాష్ట్రాలు కేసు పెడతాయి. చలికి హీటర్ వేసుకుంటే మరీ సులువు. బతిమాలైనా స్నేహితుడి సోఫా మీద పడుకోండి.

సగం తాగిన బాటిల్ కారులో ఉంటే?

చాలా రాష్ట్రాల్లో మూత తీసిన సీసా సీట్ల దగ్గర ఉండకూడదు, పక్కవాడు తాగినా తప్పే. డిక్కీలో పెట్టండి.

స్ప్రింగ్ బ్రేక్‌కి కొలరాడో వెళ్తున్నాం. అక్కడ లీగల్ కదా, అక్కడి వరకైనా పర్లేదా?

కొలరాడోలో 2014 నుంచి దుకాణాల్లో అమ్ముతున్నారు. మీకు అడ్డం మూడు. ఒకటి, ట్రిప్‌లో చూసే రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్ లాంటివన్నీ ఫెడరల్ భూమి, అక్కడ జేబులో ఉన్నా ఫెడరల్ నేరం. ఎల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్‌లోనూ అంతే. రెండు, మిగిలింది కారులో రాష్ట్రం దాటిస్తే రవాణా అవుతుంది. మూడు, ఎక్కడా దొరక్కపోయినా తర్వాత ఒక ఇమ్మిగ్రేషన్ అధికారి ముందు "అవును, వాడాను" అని ఒప్పుకున్న మాటే, కేసూ శిక్షా లేకుండానే, దేశంలోకి రానివ్వకపోవడానికి కారణం కావచ్చు.

## పోలీసులు ఆపితే

పోలీస్ ఆపాడు. ఏం మాట్లాడాలి?

చేతులు స్టీరింగ్ మీద పెట్టండి, కారు దిగకండి. లైసెన్స్, ఇన్సూరెన్స్ అడిగితే ఇవ్వండి. మర్యాదగా ఉండండి. ఎంత తాగారు, ఎక్కడి నుంచి వస్తున్నారు అన్న ప్రశ్నలకు జవాబు చెప్పాలన్న బలవంతం లేదు. "లాయర్ ఉంటే తప్ప మాట్లాడను సార్" అనడం మీ హక్కు. కారు వెతకొచ్చా అని అడిగితే వద్దని చెప్పొచ్చు, అయినా వెతికితే అడ్డం పడకండి. అబద్ధం మాత్రం చెప్పకండి. మన ఊళ్లో అలవాటున్నట్టు "ఏదో చూసుకుందాం సార్" అనే ధోరణి అసలు వద్దు, లంచం ఇవ్వజూపడం తాగి నడపడం కన్నా పెద్ద కేసు.

ఊపిరి పరీక్షకి ఒప్పుకోకపోతే కేసు పోతుందని సీనియర్ చెప్పాడు. నిజమా?

పోదు. అరెస్టయ్యాక అడిగే పరీక్షకు నిరాకరిస్తే లైసెన్స్ సస్పెండ్ అవుతుంది, టెక్సాస్‌లో మొదటిసారి 180 రోజులు. జడ్జి వారెంట్ ఇస్తే రక్తం తీసుకుంటారు కూడా. లైసెన్స్ సస్పెన్షన్ మీద విచారణ కోరాలంటే అక్కడ 15 రోజులే గడువు, చాలామంది ఆ గడువు దాటాకే లాయర్ దగ్గరికి వెళ్తున్నారు.

అరెస్టైతే ముందు ఎవరికి ఫోన్ చేయాలి?

చల్లగా ఆలోచించగల ఒక స్నేహితుడికి. అతని నంబర్ నోటికి వచ్చుండాలి, ఫోన్ మీ దగ్గర ఉండదు. అతను క్రిమినల్ లాయర్‌ని, ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని వెతకాలి. జైలు ఫోన్లు రికార్డవుతాయి కాబట్టి ఏం జరిగిందో అందులో చెప్పకండి. విదేశీయులుగా భారత కాన్సులేట్‌కి కబురు పంపమని అడిగే హక్కు మీకుంది. న్యూయార్క్, షికాగో, హ్యూస్టన్, అట్లాంటా, శాన్ ఫ్రాన్సిస్కో, సియాటిల్‌లో కాన్సులేట్లున్నాయి, వాషింగ్టన్‌లో ఎంబసీ ఉంది.

లాయర్ "తప్పు ఒప్పుకో, ప్రొబేషన్‌తో బయటపడతావ్, రికార్డు కూడా ఉండదు" అంటున్నాడు. ఒప్పుకోనా?

ఇమ్మిగ్రేషన్ లాయర్ రాతపూర్వకంగా చూసేదాకా ఒప్పుకోకండి. రాష్ట్ర కోర్టు "శిక్ష లేదు" అన్నదాన్ని కూడా, మీరు నేరం ఒప్పుకుని ప్రొబేషన్ లాంటి ఏదో ఒక ఆంక్ష పడితే, ఇమ్మిగ్రేషన్ చట్టం శిక్ష కిందే లెక్కేస్తుంది. పౌరులకు మంచి బేరమైనది మీకు ఉరి కావచ్చు. దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉంటే ఆ సంగతి కక్షిదారుకు చెప్పడం క్రిమినల్ లాయర్ బాధ్యతేనని 2010లో పడీయా కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి "దీనివల్ల నా ఎఫ్-1 ఏమవుతుంది" అని నేరుగా అడగండి.

గంజాయి విషయంలో 30 గ్రాముల్లోపు సొంత వాడకానికి ఒక్కసారి శిక్ష పడితే దేశం నుంచి పంపకుండా మినహాయింపు ఉంది. కానీ అది లోపల ఉన్నంతవరకే. బయటికెళ్లి తిరిగి రావాలంటే అదే శిక్ష అడ్డం నిలుస్తుంది.

## ఆ తర్వాత: వీసా, ఉద్యోగం

డీయూఐలో (తాగి నడిపిన కేసులో) అరెస్టయ్యాను, కేసు ఇంకా తేలలేదు. వీసా రద్దయిందని ఈమెయిల్ వచ్చింది. వెంటనే వెళ్లిపోవాలా?

2015 నుంచి ఉన్న విధానం ఇది. ఐదేళ్లలోపు తాగి నడిపిన అరెస్టు ఉంటే, దోషిగా తేలకముందే వీసా రద్దు చేయొచ్చు. వీసా అంటే లోపలికి వచ్చే అనుమతి, లోపల ఉండే హోదా వేరు. వీసా రద్దైనంత మాత్రాన హోదా దానంతట అది పోదు. అయితే 2025 వసంతంలో చాలామంది విద్యార్థుల సెవిస్ (విదేశీ విద్యార్థుల హోదా నమోదయ్యే ప్రభుత్వ డేటాబేస్) రికార్డులు కూడా మూసేశారు, కోర్టుల్లో సవాలు చేశాక తిరిగి తెరిచారు. కాబట్టి ఈమెయిల్ వచ్చిన రోజే డీఎస్ఓతో (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారితో) మాట్లాడి సెవిస్ తెరిచి ఉందో లేదో చూపించమనండి, ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కలవండి. అప్పటివరకు దేశం దాటకండి, కెనడా వైపు నయాగరా చూడ్డానికి కూడా.

యూనివర్సిటీ ఒక సెమిస్టర్ సస్పెండ్ చేస్తే?

మామూలు విద్యార్థి ఇంటికెళ్లి తిరిగొస్తాడు. మీ సెవిస్ రికార్డు మూతపడుతుంది, చదువు పూర్తిచేసినవాళ్లకిచ్చే 60 రోజుల గడువు కూడా ఉండదు. అందుకే క్రమశిక్షణ విచారణకు పిలిచినప్పుడు తేలిగ్గా వెళ్లకండి. తప్పున్నా సస్పెన్షన్ బదులు మరో శిక్ష వేయమని, కారణం మీ వీసా హోదా అని రాసి ఇవ్వండి. గడువులోపు అప్పీల్ చేయండి.

ఎయిర్‌పోర్ట్‌లో ఫోన్ చూస్తారట. పార్టీ ఫొటోలుంటే?

చూసే అధికారం కస్టమ్స్ అధికారులకుంది. గంజాయితో దిగిన ఫొటో, "స్టఫ్ దొరికిందా" అన్న చాట్ మీద ప్రశ్నలు వేస్తారు. ఆ జవాబులే తర్వాత సాక్ష్యం. అలాంటివి ఫోన్‌లోకి రాకుండా చూసుకోవడమే దారి. గ్రూపులో ఎవరైనా పెడితే బయటికి రండి.

ఆఫర్ వచ్చింది, డ్రగ్ టెస్ట్ ఉందన్నారు. మొన్న ఆదివారం గసగసాల కూర తిన్నాను. పాజిటివ్ వస్తుందా?

వచ్చే అవకాశం ఉంది. గసగసాల మీద ఉండే మార్ఫిన్ జాడ మూత్రంలో కనిపిస్తుంది. ఈ కారణంగానే ఫెడరల్ ఉద్యోగాల పరీక్షలో ఓపియేట్ల (మార్ఫిన్, కోడీన్ లాంటి మందుల) హద్దును 1998లో మిల్లీలీటరుకు 300 నుంచి 2,000 నానోగ్రాములకు పెంచారు. ప్రైవేటు ల్యాబ్‌లన్నీ ఆ హద్దే పాటిస్తాయని లేదు. 2023లో అమెరికా రక్షణ శాఖ సైనికులను గసగసాలు తినవద్దని హెచ్చరించింది కూడా. పరీక్షకి కొన్ని రోజుల ముందు నుంచి ఆ మసాలా మానండి. తిని ఉంటే ముందే చెప్పండి, పాజిటివ్ వస్తే నిర్ధారణ పరీక్ష, వైద్యుడి సమీక్ష అడగండి.

తాగుడు అలవాటైపోయింది, మానలేకపోతున్నా. కౌన్సెలర్‌కి చెబితే వీసా రికార్డులోకి ఎక్కుతుందా?

క్యాంపస్ కౌన్సెలింగ్‌లో చెప్పింది గోప్యం. అది డీఎస్ఓకో ఇమ్మిగ్రేషన్‌కో ఎవరూ పంపరు. ప్రాణానికి ముప్పున్న సందర్భం లాంటి కొన్ని మినహాయింపులు మొదటి సిట్టింగ్‌లోనే చదివి వినిపిస్తారు. చాలాచోట్ల ఫీజు కూడా స్టూడెంట్ ఫీజులోనే కలిసి ఉంటుంది. అర్ధరాత్రి మనసు బాగోలేకపోతే 988 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయొచ్చు. అరెస్టు తర్వాత కోర్టు పంపితే వెళ్లడం కన్నా ఇప్పుడే మీ అంతట మీరు వెళ్లడం ఎంతో తేలిక. మనవాళ్లు ఈ ఒక్క ఫోన్ చేయడానికే అన్నిటికన్నా ఎక్కువ సిగ్గుపడతారు. దయచేసి చేయండి.

కేసు కొట్టేశారు, రికార్డు కూడా చెరిపేశారు. ఇక హెచ్-1బీ, గ్రీన్‌కార్డ్ ఫారాల్లో "లేదు" అని రాయొచ్చా?

రాయకండి. వీసా, గ్రీన్‌కార్డ్ ఫారాలు అరెస్టు గురించి అడుగుతాయి, చెరిపేసిన కేసులైనా చెప్పాలంటాయి. వేలిముద్రలు వాళ్ల దగ్గర ఉంటాయి. చెరిపించడానికి ముందే కోర్టు నుంచి తుది తీర్పు, ఛార్జ్ పత్రం, పోలీస్ రిపోర్ట్ ధ్రువీకరించిన కాపీలు మూడేసి తీసుకోండి. రికార్డు చెరిపాక కోర్టు ఆఫీసులో మళ్లీ అడిగితే "అలాంటి కేసే లేదు" అంటారు, అధికారికి చూపించడానికి మీ దగ్గర ఏమీ మిగలదు. ఒక సెట్ అమెరికాలో, ఒకటి ఇంట్లో, ఒకటి స్కాన్ చేసి దాచండి.